కాలిన మీట

త్బిలిసీ నగరం, నుత్సుబిద్జె గుట్ట.
పదహారంతస్తుల మేడలో
లిఫ్టు పైకి మోయడానికి పది తెత్రీల బిళ్ళ అడుగుతుంది,
దింపడానికి ఏమీ అడగదు.
ఈ లెక్క ఎవరు వేశారో తెలీదు,
ఇరవై రెండేళ్ళుగా దాని ఇనప తాళ్ళకి గ్రీజు పూసేది నేను.

ఒకరెక్కినా నలుగురెక్కినా అదే బిళ్ళ.
అందుకని కింద ఎవరూ తొందరపడేవారు కాదు.
ఎక్కడో అడుగుల చప్పుడైతే
మూసుకుంటున్న తలుపుకి బూటు అడ్డం పెట్టేవారు.
పైకి వెళ్ళే నలభై సెకన్లలో
ఎవరింట్లో వాల్‌నట్లు పుచ్చిపోయాయో,
ఎవరి కుక్క ఈనిందో,
ఏ పెళ్ళి ఎందుకు ఆగిందో తెలిసిపోయేది.
పదకొండో అంతస్తు నాజిబ్రోలా
పెరుగు సీసాలో చిల్లర పోసి
కరెంటు మీటర్ల పెట్టె మీద పెట్టేది,
"లేనప్పుడు తీసుకోండి, ఉన్నప్పుడు వేయండి."
సీసా ఎప్పుడూ సగం దగ్గరే ఉండేది.
పిల్లలు బిళ్ళకి దారం కట్టి వెనక్కి లాగేవారు,
తెగిన దారాలు పెట్టెలోంచి నేనే తీసేవాణ్ణి,
ఎవరికీ చెప్పకుండా.

ఇక మీటల సంగతి.
బేసివి ఎడమవైపు, సరివి కుడివైపు.
ఏ పోకిరీ వెధవో ఒక చలికాలం
ఏడో నంబరు మీటని సిగరెట్టుతో కాల్చాడు.
ప్లాస్టిక్కు కరిగి, అంచులు లేచి,
మధ్యలో గోరు పట్టేంత గుంట.
వాణ్ణి నేను తిట్టని తిట్టు లేదు.
మార్చమని మూడుసార్లు కాగితం పెట్టాను.
నా అదృష్టం, కొత్త మీట రాలేదు.

అదృష్టమని ఎందుకన్నానంటే,
తొమ్మిదిలో ఇరోదీ ఉంటాడు.
టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు.
చూపు పోయి పదేళ్ళు.
ఆ గుంట మీదికి వేలు పోనిచ్చి
ఒక్క మీట పైకి జరిపి నొక్కేవాడు,
తన చొక్కా గుండీ తను పెట్టుకున్నంత తేలిగ్గా.
నేనది ఏనాడూ గమనించలేదు.

కిందటేడు కొత్త పలక వచ్చింది.
నల్లటి అద్దం. మీటల్లేవు, తాకితే చాలు,
అంకెలు నీలంగా వెలుగుతాయి.
బిళ్ళల పెట్టె పోయి కార్డు చూసే కన్ను వచ్చింది.
నా చేతులతోనే బిగించాను.
అందంగానే ఉంది, అబద్ధమెందుకు,
అందులో మొహం చూసుకుని జుట్టు కూడా సర్దుకున్నాను.

మర్నాడు లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగింది.
ఏదో షార్టయిందని పరిగెత్తాను.
లోపల ఇరోదీ.
అద్దం మీద అరచెయ్యంతా ఆనించి తడుముతున్నాడు,
వేళ్ళు మంచు మీదిలా జారిపోతున్నాయి,
పదహారు అంకెలూ వెలిగి ఉన్నాయి.
వెలిగాయని ఆయనకి తెలీదు.
"మెకానిక్కూ, నా గుంట ఏదయ్యా?" అన్నాడు.
గుంట నీదని నాకు తెలీదు ఇరోదీ.

ఆ రాత్రి బంక ట్యూబు తెచ్చి
తొమ్మిది మీద ఒక చుక్క వేశాను,
బియ్యపు గింజంత. ఊది ఊది ఆరబెట్టాను.
పొద్దున్న ఆయన వేలు వెతికింది, ఆగింది,
చుక్క చుట్టూ ఒకసారి తిరిగింది.
మెచ్చుకుంటాడనుకున్నాను.
"కాస్త పైకుంది" అన్నాడు,
"నొక్కితే నాజిబ్రోలా ఇంటికి పోతున్నాను."
గీకి, మళ్ళీ వేశాను.
మూడోసారికి కుదిరింది.

తనిఖీకి వచ్చిన కుర్రాడు రాసుకున్నాడు:
పలక మీద మరక, తుడిచేయాలి.
తుడిచేశానని కింద సంతకం పెట్టాను.

మిగతాది మాత్రం నా బంకకి అతకదు.
ఎవరి కార్డు వారికే మోగుతుంది.
తలుపు మూసుకుంటుంటే
అడ్డం వచ్చే బూటు ఒక్కటీ కనబడదు.
నాజిబ్రోలా సీసా ఇంకా అక్కడే ఉంది,
సగం దాకా చిల్లరతో.
ఎవరూ తీయరు, ఎవరూ వేయరు.
దుమ్ము తుడవడానికి ఎత్తినప్పుడల్లా
ఘల్లుమంటుంది.
లిఫ్టు ఉలిక్కిపడి తలుపు తెరుస్తుందేమోనని
ఒక్క క్షణం ఆగుతాను.